రాత్రంతా నిలబడే వేట

గాలం వేసేవాళ్లకి ఓపిక ఎక్కువని అందరూ అంటారు. మా మావయ్య దగ్గర ఆ మాట అంటే ఆయనకి ఒళ్లు మండేది. "ఓపికున్నవాడు ఇంట్లో పడుకుంటాడు. సముద్రం ఒడ్డుకి రావాల్సింది కాలు నిలవనివాడు" అనేవాడు. చెరువు గట్టున కూర్చుని బెండునే చూస్తుండే వేట ఆయన లెక్కలో వేట కాదు, కునుకు తియ్యడానికి ఒక సాకు. చెరువుల్లో గాలం వేసేవాళ్లు ఏమీ అనుకోకండి, మాట ఆయనది. అయితే ఆయనతో కలిసి ఒడ్డు మీంచి రాత్రంతా సముద్రంలో గాలం వేశాక, ఓపిక అనే మాట మీద నాకూ నమ్మకం పోయింది. ఆ రాత్రి గురించి నాకు గుర్తున్నదంతా పనే. కూర్చున్నది ఒక్కసారి, అదీ పిడుగుల భయంతో.

అప్పటికి నాకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. పరీక్షలైపోయి సెలవులు. మావయ్య పొద్దున్నే క్యాలెండర్ తిరగేసి, "అల్లుడూ, ఇవాళ అమావాస్య వెళ్లిన మర్నాడు. రాత్రికి వేటకొస్తావా?" అన్నాడు. అమావాస్యకీ చేపలకీ ఏం సంబంధమని అడిగాను. అంతే, పాఠం మొదలు. సూర్యుడూ చంద్రుడూ భూమితో ఒకే వరసలోకి వచ్చినప్పుడు, అంటే అమావాస్యకీ పౌర్ణమికీ, రెండింటి లాగుడూ కలిసి పోటు పెద్దదవుతుంది. అష్టమి దగ్గర్లో ఒకదాని లాగుడుని ఇంకొకటి కొంత చెరిపేస్తుంది కాబట్టి పోటు చిన్నది. కాకపోతే పెద్ద పోటు సరిగ్గా అమావాస్య నాడే వచ్చెయ్యదు, చాలా తీరాల్లో ఒకటి రెండు రోజులు ఆలస్యం చేస్తుంది. అందుకని మర్నాడు. పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే రేపటి పోటు ఇవాళ్టి కంటే ఓ 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ లెక్క గుర్తున్నంత బాగా ఆయనకి పెళ్లిరోజు గుర్తుండదని అత్తయ్య ఫిర్యాదు.

బయల్దేరే ముందు ఏ ఒడ్డుకి వెళ్తున్నామో, ఎన్నింటికి తిరిగొస్తామో అత్తయ్యకి చెప్పి, మళ్లీ కాగితం మీద రాసి మరీ పెట్టాడు. సముద్రం దగ్గరికి రాత్రిపూట ఒంటరిగా వెళ్లకూడదు, చెప్పకుండా అసలే వెళ్లకూడదు. మిగతా విషయాల్లో ఆయన మహా చాదస్తుడు కాదు గానీ ఈ రెండింటి దగ్గర మాత్రం రాయి.

రాత్రి వేటే అయినా ఎండ ఉండగానే ఒడ్డుకి చేరాం. నేను గబగబా రాడ్లు దింపుతుంటే "ముందు అవి పక్కన పెట్టు, ఇటు రా" అని ఇసుక దిబ్బ ఎక్కించాడు. అప్పుడు నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. పోటు రావడానికి ఇంకా టైముంది. ఒడ్డు ఆకారం కనపడేది ఆ వేళలోనే, తర్వాత నీళ్లొచ్చి అంతా కప్పేస్తాయి, ఆ పైన చీకటి. కాబట్టి రాత్రికి కావలసిన బొమ్మంతా అప్పుడే మనసులో గీసుకోవాలి.

నా కంటికి అలలన్నీ ఒకటే. మావయ్య వేలు పెట్టి చూపించాడు.

"అల ఎక్కడ విరుగుతోందో చూడు. తెల్లగా నురగ లేస్తోందే, అక్కడ కింద ఇసుక మేట ఉంది. లోతు లేదు. అటు పక్కన చూడు, అల విరక్కుండా నున్నగా లోపలికొచ్చేస్తోంది. నీళ్లు నల్లగా లేవూ?"

"ఉన్నాయి మావయ్యా."

"అది లోతు. ఆ నల్లచార ఒడ్డు పొడవునా వెళ్తుంది. మేటకీ ఒడ్డుకీ మధ్య కాలువ అన్నమాట. చీకటి పడితే చేపలు ఆ కాలువలోకే వస్తాయి. పగలు రావడానికి భయం, నీళ్లు పల్చన కదా."

మేట ఒకచోట తెగి ఉంది. అక్కడ నురగ ఒడ్డు వైపు రాకుండా తిన్నగా సముద్రంలోకి వెనక్కి పోతోంది. ఒడ్డుకెక్కిన నీళ్లన్నీ తిరిగి వెళ్లే దారి అది. ఈతకి దిగినవాళ్లని లాక్కెళ్లేది కూడా అదే. అక్కడ అడుగు పెట్టొద్దని గట్టిగా చెప్పి, గాలం మాత్రం దాని అంచునే వెయ్యమన్నాడు. అలలు ఇసుకలోంచి తవ్విన పురుగులూ రొయ్యలూ ఆ దారెంట కొట్టుకుపోతుంటాయి, వాటికోసం చేపలు అంచున కాపు కాస్తాయి. పొడి ఇసుకలో ఒకదాని వెనక ఒకటి రెండు కర్రలు పాతాడు, ఆ రెండూ ఒక వరసలో కనపడితే ఎదురుగా ఉన్నది ఆ తెగిన చోటే. చీకట్లో సముద్రమంతా ఒకటే నలుపు, అప్పుడు ఈ కర్రలే దిక్కు.

ఇంతసేపూ ఒక్క గాలమూ నీళ్లలో పడలేదు. సగం వేట అయిపోయిందన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది గానీ ఇప్పుడు నేను ఏ ఒడ్డుకి వెళ్లినా, చేపల కోసం కాకపోయినా, ముందు అల ఎక్కడ విరుగుతోందో చూస్తాను. పక్కనున్నవాళ్లు సూర్యాస్తమయం ఫొటోలు తీసుకుంటుంటారు.

సరంజామా పెద్దగా లేదు. పన్నెండడుగుల కార్బన్ రాడ్లు రెండు, రీళ్లు, సీసం బరువులు, కొక్కేలు, ఎర, తల లైట్లు, ఒక శ్రావణం. ఎర కోసం రొయ్యలూ, చేప కండ ముక్కలూ. విసిరినప్పుడు ఊడిపోకుండా సన్నటి సాగే దారంతో చుట్టాలి. ఎర ఎంత తాజాగా ఉంటే అంత మంచిది, చేప ముందు వాసనకే వస్తుంది.

రీలు మీదున్న తంగూసు, అంటే నైలాన్ దారం, సన్నది, 15 పౌండ్ల లాగుడు దాకా తట్టుకునేది. దాని చివర మాత్రం రాడ్ పొడవుకి రెండింతల లావుపాటి దారం కట్టాడు. నాలుగు ఔన్సుల సీసాన్ని పూర్తి బలంతో విసిరినప్పుడు ఆ కుదుపు సన్న దారం తట్టుకోలేదు. తెగిందంటే సీసం తూటాయే, ఒడ్డున ఎవరికి తగులుతుందో చెప్పలేం. ఔన్సుకి 10 పౌండ్ల చొప్పున, కనీసం 40 పౌండ్ల దారం ఉండాలన్నది లెక్క. ముడి బిగించే ముందు మావయ్య దాన్ని నోట్లో పెట్టుకుని తడిపాడు. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా సర్దుకునేదాకా బొటనవేలి గోరుతో మెల్లగా నెట్టి, అప్పుడు బిగించాడు. ఒక చుట్టు పక్కదాని మీదికెక్కితే మాట్లాడకుండా కోసేసి మళ్లీ మొదలు. ఆ గోరు మాత్రం నాకు బాగా గుర్తు, అంచున పసుపుపచ్చగా, ఉప్పుకి పగిలి, సన్న దారాలు కోసిన గీతలతో.

చీకటి పడింది. తల లైటు నీళ్ల మీద వెయ్యొద్దన్నాడు. ఒడ్డుకి దగ్గరగా వచ్చిన చేపలు బెదురుతాయి, పైగా మన కళ్లూ పాడవుతాయి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, ఒక్కసారి తెల్లలైటు చూశామా, మళ్లీ మొదటికొస్తాం. ఎర్రలైటుతో ఆ బాధ తక్కువ. అందుకని ఎర కట్టడం, కొక్కెం తియ్యడం అన్నీ ఎర్రలైటులోనే, సముద్రానికి వీపు తిప్పకుండా. వీపు తిప్పితే పెద్ద అల వచ్చేది కనపడదు.

ఇక దూరం సంగతి. ఒడ్డు మీద గాలం వేసే కుర్రాళ్లందరికీ దూరం పిచ్చి ఉంటుందట. ఎవరు ఎంత దూరం విసిరారన్నదే పోటీ. "మేట అవతల వేస్తే నీ బలం తెలుస్తుంది. చేపలు ఇవతలున్నాయి" అని, నా చేత సగం బలంతోనే వేయించాడు. పోటు పెరిగేకొద్దీ ఇంకా దగ్గరికి. రాత్రిపూట మోకాటి లోతు నీళ్లలో కూడా మంచి చేపలు తిరుగుతాయంటే నేను నమ్మలేదు, తర్వాత చూశాను.

రాడ్ ఇసుకలో పాతి గంట కట్టి కూర్చునేవాళ్లు ఉంటారు. మావయ్యకి అది గిట్టదు. రాడ్ చేతిలో ఉండాలి, దారం చూపుడువేలి మీద ఆనాలి. ఆ వేలితోనే నేను చాలా నేర్చుకున్నా. సన్నగా, తెరలు తెరలుగా గిల్లుతుంటే పీత. ఏ కదలికా లేకుండా బరువు పెరుగుతూ పోతుంటే నాచు. టకటకమని రెండు తట్లు తట్టి ఆగితే గొరక చేప. గట్టిగా ఒక్క గుద్దు గుద్ది రాడ్ వంచితే జెల్ల. అన్నిటికంటే గమ్మత్తైనది, ఉన్నట్టుండి దారం వదులైపోవడం. తెగిందేమో అనిపిస్తుంది. కాదు, చేప ఎర నోట కరుచుకుని మన వైపే వస్తోంది! అప్పుడు గబగబా చుడుతూ వెనక్కి పరిగెత్తాలి.

మొదటి గంటన్నర అంతా పీతలదే. వేసిన రొయ్య పది నిమిషాల్లో మాయం, పైకి లాగితే ఖాళీ కొక్కెం మెరుస్తూ వస్తుంది. ఇక్కడే అసలు కష్టం. ఎర ఉందిలే అనుకుని అరగంట ఊరుకుంటే ఆ అరగంటా ఉత్త కొక్కెంతో వేట. చుట్టడం, చూడటం, కట్టడం, విసరడం, మళ్లీ చుట్టడం. కొక్కెం దగ్గర చిన్న బెండు పూస గుచ్చి ఎరని ఇసుక నుంచి జానెడు పైకి లేపాడు మావయ్య. పీతలకి అందడం తగ్గింది. ఒడ్డున మాత్రం ఇసుక పీతలు మా ఎర డబ్బా చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి, లైటు వేస్తే కళ్లు నిక్కబొడుచుకుని ఒక్క క్షణం నిలబడి, పక్కకి దూసుకుపోతాయి.

ఆరు గంటల పోటులో నీళ్లు ఒకే తీరున పెరగవు. మొత్తం పెరుగుదలని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒకటి, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత మళ్లీ రెండు, ఒకటి. సుమారు లెక్కే అనుకోండి, ఒడ్డుని బట్టి మారుతుంది. ఆ రాత్రికి ఆ జోరు గంటలు తొమ్మిది నుంచి పదకొండు. సరిగ్గా ఆ వేళకే వేలి మీద టకటకమని తట్టింది.

ఒడ్డుకొచ్చింది మోచేతి పొడవు గొరక. రెండు చేతులా పట్టుకున్నానో లేదో అరిచింది. చేప అరవడమేమిటని ఇంచుమించు వదిలేశాను. తలుపు బందు కిర్రుమన్నట్టు, అరచేతుల్లోకి వణుకు తెలిసేలా. మావయ్య పగలబడి నవ్వాడు. దాని పొట్టలో గాలితిత్తి ఉంటుంది, దానికి ఆనుకున్న కండరాలు ఆడిస్తే ఆ చప్పుడు. నీళ్లలో జత కోసం పిలవడానికీ, భయమేసినప్పుడూ అలాగే చేస్తుందట. లైటు ఆర్పేసి కాసేపు చీకట్లోనే పట్టుకున్నా. చెయ్యి కింద ఆ గరగర ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. పొలుసుల మీద ఇసుక, మొప్పల దగ్గర చల్లటి జిగురు. "చాలు, బకెట్లో వెయ్యి, పోటు ఆగదు" అన్నాడు మావయ్య.

తర్వాత జెల్లలు. వీటిని మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి, నిటారుగా నిలబడి బిగుసుకుపోయే ముళ్లు ఉంటాయి. గుచ్చుకుంటే విషం, చెయ్యంతా మంట. తోలు కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ చెయ్యి ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఆ విషం వేడికి చెడిపోతుంది కాబట్టి. అలా అని అక్కడితో ఊరుకోకూడదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు. మావయ్య శ్రావణంతో కొక్కెం పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే జెల్ల నీళ్లలో పడేది. సముద్రపు జెల్లల్లో పిల్లల బాధ్యత మగదానిదట. గుడ్లు నోట్లో పెట్టుకుని వారాల తరబడి దాదాపు ఏమీ తినకుండా తిరుగుతుంది. ఇది విన్నాక జెల్ల మీద నాకు కాస్త గౌరవం పెరిగింది, ముళ్ల భయం మాత్రం పోలేదు.

పదకొండు దాటాక నీళ్లు మెరవడం మొదలైంది. అల విరిగినచోటల్లా నీలపు వెలుగు. కంటికి కనపడీ కనపడనంత చిన్న జీవులు నీళ్లు కదిలినప్పుడు వెలిగే వెలుగు అది. దీని గురించి అందరూ అందంగా రాస్తారు కాబట్టి నేను రాయను. మావయ్యకి అయితే అది పరమ చిరాకు. దారం నీళ్లలో కదిలిన ప్రతిసారీ గీత గీసినట్టు వెలుగుతోంది, చేపకి దారం కనపడిపోతుంది కదా! "ఎవడు దీపాలు పెట్టమన్నాడు వీటిని?" అని సముద్రాన్ని తిట్టుకుంటూ సీసం బరువు పెంచాడు, దారం కదలకుండా నిలబడటానికి.

సరిగ్గా అప్పుడే దక్షిణాన మెరుపు. మావయ్య చేతిలో పని ఆపి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. ఉరుము వినపడేసరికి పద్దెనిమిది సెకన్లు. శబ్దం మూడు సెకన్లకి ఒక కిలోమీటరు వెళ్తుంది కాబట్టి ఆరు కిలోమీటర్లు. "చుట్టెయ్. పరిగెత్తు." నాకేమో చేపలు పడుతున్న వేళ, ఆరు కిలోమీటర్ల అవతల పిడుగుకి భయమేమిటని గునిశాను. కార్బన్ రాడ్లో కరెంటు పారుతుంది, విశాలమైన ఒడ్డు మీద అందరికంటే ఎత్తుగా దాన్ని పట్టుకుని నిలబడింది మనమే. రాడ్లు ఇసుక మీద పడుకోబెట్టి, దిబ్బ అవతలున్న కార్లో కూర్చుని అద్దాలెత్తేశాం. చివరి ఉరుము విన్నాక అరగంట దాటేదాకా దిగకూడదన్నాడు.

ఆ రాత్రి కూర్చున్నది అదే. మనసు విప్పి మాట్లాడుకున్నాం అని రాస్తే బాగుంటుంది గానీ, అలాంటిదేమీ జరగలేదు. "లెక్కల పేపరు ఎలా రాశావు?" అన్నాడు. "పర్లేదు" అన్నాను. ఆ సంగతి అంతటితో వదిలేసి, లోపలి లైటు ఆర్పి నా చేతిలో దారం ముక్కా కొక్కెమూ పెట్టాడు. "ముడి వెయ్." చీకట్లో ఎలా అంటే, "చీకట్లో పడితేనే అది ముడి, వెలుతురులో ఎవడైనా వేస్తాడు" అన్నాడు. మెరిసినప్పుడల్లా కనపడిన కాస్తా చూసుకుంటూ, మిగతా అంతా గోటితో తడుముతూ వేశాను. ఆయన లాగి చూసి, ఏమీ అనకుండా కోసేసి, ఇంకో ముక్క ఇచ్చాడు. అలా వాన తగ్గేదాకా. ఇప్పుడు ఆ ముడి వెయ్యడానికి నాకు కళ్లతో పనిలేదు. పిల్లల గాలిపటాలకీ, పరదా తాళ్లకీ అదే పడిపోతుంది చేతికి.

దిగేసరికి పోటు నిండుగా ఉంది. నీళ్లు కాసేపు ఎటూ పోకుండా నిలిచిపోయే వేళ అది, చేపలు కూడా మేత మానేస్తాయి. ఒంటిగంట నుంచి రెండు దాకా ఏమీ లేదు, తడిసిన బట్టలూ, చలీ, నాచూ తప్ప. దాని గురించి చెప్పడానికి కూడా ఏమీ లేదు.

పాటు మొదలై నీళ్లు వెనక్కి లాగడం మొదలుపెట్టాక, ఆ మేట తెగిన అంచున నా రాడ్ మెల్లగా వంగింది. గుద్దు లేదు, తట్టు లేదు. వంగుతూనే ఉంది. రీలు బ్రేకు కిర్రుమంటూ దారం వదులుతోంది. దారం తెగే బలంలో మూడో వంతు లాగుడికే జారేలా బ్రేకు పెట్టి ఉంచాడు మావయ్య, లేకపోతే అక్కడే తెగేది. ఆయన రాడ్ అందుకోలేదు. పక్కన నిలబడి చెప్పాడంతే.

"అల లోపలికొస్తోంది, వెనక్కి నడు. నడు. ఇప్పుడు అల వెళ్తోంది, లాగకు! ఇచ్చెయ్, ఇచ్చెయ్. బరువంతా నీ మీద పడుతుంది. ఆ, మళ్లీ అల. నడు."

ఒకచోట అది అడుక్కి అతుక్కుని కూర్చుండిపోయింది. రాయికి తగులుకుందేమో అనుకున్నా. టేకు చేప అని మావయ్యకి అప్పుడే తెలిసిపోయింది. ఇసుకకి చదునుగా అతుక్కుంటే ఊడబెరకలేం, దారం బిగువు తగ్గించకుండా పక్కకి నడుస్తూ కోణం మార్చాలి. నడిచాను. కాసేపటికి కదిలింది. ఒడ్డుకి రావడానికి ఎంతసేపు పట్టిందో గానీ, మోచేతుల్లోంచి కింద ఏమీ తెలియడం లేదు. చివరికి ఒక అల దాన్ని తడి ఇసుక మీద పరిచి వెళ్లిపోయింది. పళ్లెమంత ఉంటుందనుకున్నది, నా చేతులు బారచాచినా సరిపోయేలా లేదు. తోక అటూ ఇటూ కొడుతోంది, దాని మీదే విషపు ముల్లు. మావయ్య తోకకి దూరంగా, ముందు వైపు నుంచి వంగి, శ్రావణంతో కొక్కెం తీసి, వచ్చే అలకి వదిలేశాడు.

"వదిలేశావేంటి మావయ్యా!"

"ఏం చేస్తావురా దాన్ని? బరువు తెలిసింది కదా. ఈసారి ఇంత బరువున్న మంచి చేప పడితే నీ చేతులకి కొత్త కాదు."

నాకు కోపమొచ్చిన మాట నిజం. ఆ తర్వాత నీళ్లలోకి అడుగుపెట్టినప్పుడల్లా కాళ్లు ఎత్తకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవమన్నాడు. కింద ఇంకో టేకు ఉంటే కదలికకి తప్పుకుంటుంది, తొక్కితేనే పొడుస్తుంది.

తెల్లవారుజామున ఇంకో రెండు గొరకలు వచ్చాయి, బాగా దగ్గర్లో, నేను నమ్మనన్న ఆ మోకాటి లోతులోనే. వెలుతురొచ్చాక మావయ్య ఒడ్డంతా తిరిగి తెగిన తంగూసు ముక్కలు ఏరాడు. మావి కొన్నే, చాలావరకు వేరేవాళ్లవి. నైలాన్ కుళ్లదు, పక్షుల కాళ్లకీ తాబేళ్ల మెడలకీ చుట్టుకుంటుంది. వేళ్లకి చుట్టి చిన్న చిన్న ముక్కలు కత్తిరించి సంచీలో వేశాడు. కర్రలు పీకాడు.

ఇంటికొచ్చేసరికి నాకు నిలబడే నిద్ర. మంచం కనపడగానే అటు నడిచాను. మావయ్య భుజం పట్టుకుని పెరట్లోకి తిప్పాడు. రాడ్ రింగులన్నీ మంచినీళ్లతో కడిగి, రీలు మీద నీళ్లు ధారగా కాకుండా సన్నగా చిలకరించి, తుడిచి, నీడలో ఆరబెట్టేదాకా పడుకోవడానికి వీల్లేదు. గట్టిగా కొడితే ఉప్పునీళ్లు లోపలికి పోతాయి, కడక్కపోతే ఉప్పు గట్టిపడి రీలు పట్టేస్తుంది. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తోంది, చేతిలో మావయ్య రాసిపెట్టిన కాగితం, వస్తామన్న టైము దాటి గంట అయింది మరి. మావయ్య ఆమె వైపు చూడకుండా రీలు తుడుస్తూ నాతో అన్నాడు:

"వెళ్లి పడుకో అల్లుడూ. ఇవాళ పోటు ఇంకో యాభై నిమిషాలు ఆలస్యం. తొందరేం లేదు."